మెట్ల మీద గోడవైపు తిరిగినవాడు

“ఆ మాట్లాడని మనిషిని వారం వారం ఎదురుగా కూర్చోబెట్టుకుంటున్నావు. అతను నోరు విప్పకుండానే ఒకరోజు ఏదైనా చేసుకుంటే నీ గతేమిటే?” అన్నాను.

వాసిటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది. ఆ పూట చేమాకు కొబ్బరిపాలలో ఉడికించాను. ఆ ఆకు తెచ్చి ఇచ్చింది కూడా అతనే.

“అమ్మా, అన్నం ముందు కూర్చుని ఆ మాటలేంటి? అందుకే నీకేదీ చెప్పను.”

“చెప్పకపోతే ఊహించుకుంటాను. అది ఇంకా కష్టం.”

“ఊహించుకో. పోయిన వారం మన గ్యాసు బండ పేలింది. అంతకుముందు నాన్న బస్సు వంతెన మీంచి పడింది. మొన్న నాకు మెడలో గడ్డ లేచింది. అన్నీ నీ ఊహల్లోనే కదా. దీన్నీ వాటి పక్కన పెట్టు.”

మా ఆయన ఇలైతియా పళ్లెంలోకి చూస్తూ నవ్వాడు. “మీ అమ్మ లెక్కన నేను ఇప్పటికి నాలుగుసార్లు పోయాను తల్లీ. అయినా డిపోవాళ్లు డ్యూటీ వేస్తూనే ఉన్నారు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నా భయాలంటే మా ఇంట్లో అంతే. ఉప్పు డబ్బాలాంటివి, రోజూ బల్ల మీద ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

వాసిటి మనసు డాక్టరు. నేనట్లా అంటే దానికి నచ్చదు. “డాక్టరు కాదమ్మా, మందులివ్వను, మాట్లాడిస్తాను” అంటుంది. సువా ఊరి చివర నసీనులో చీనావాళ్ల బేకరీ మీద ఒక గది. తలుపు మీద దాని పేరు, ఆ పేరు చివర వాళ్ల నాన్న పేరు. బ్రిస్బేన్‌లో ఐదేళ్లు చదివి వచ్చింది. ఒక సేవాసంస్థవాళ్లు ఆ గది చూపించి, ఏడాది పని చూశాక ఉంచాలో మానాలో చెబుతామన్నారు. ఆ ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది. నాకు రోజూ పొద్దున లేవగానే గుర్తొచ్చేది ఆ నాలుగు నెలలే.

ఆ చదువు దానికి బ్రిస్బేన్‌లో వచ్చిందని అందరూ అనుకుంటారు. నాకు తెలుసు, అది మా వంటింట్లోనే మొదలయింది.

మాది బా అనే ఊరి అవతల చెరకు తోటలు. మా ముత్తాతలు చెరకు కూలికి మద్రాసు ఓడలో ఈ దీవులకు వచ్చినవాళ్లు. నేను ఎనిమిదో తరగతి వరకు చదివి, బట్టల దుకాణంలో పనికి చేరి, ఆ దుకాణం ముందు బస్సు ఆపే ఇలైతియాని, ఈ దీవుల అసలు మనిషిని, చేసుకున్నాను. మా నాన్న, “అడవివాడి వెంట పోయింది, దాని పేరెత్తొద్దు” అన్నాడు. పోయేదాకా ఎత్తలేదు. ఇలైతియా ఊరివాళ్లు పేరు ఎత్తారు గాని, నాది కాదు. “కై ఇండియా” అన్నారు. ఇండియా మనిషి అని. నేను పుట్టింది ఈ మట్టిలోనే అయినా.

మా ఆయన వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు ఈడొచ్చాక ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకోరు. ఒకరి కళ్లలోకి ఒకరు చూడరు. ఒక గదిలో దగ్గరగా కూర్చోరు. కోపం వల్ల కాదు. అంతకంటే పెద్ద గౌరవం వాళ్లలో ఇంకోటి లేదు. చెల్లెలి కోసం ప్రాణమిస్తాడు గాని, ఒంట్లో బాగాలేదని చెల్లెలితో చెప్పడు. ఒక్క తల్లి పిల్లలకే కాదు, నాన్న అన్నదమ్ముల పిల్లలకీ, తాత అన్నదమ్ముల మనవలకీ అదే కట్టుబాటు. మేనత్త కొడుకైతే ఆ బాధ లేదు, నోటికొచ్చినట్టు ఎకసెక్కాలాడుకోవచ్చు. మా నాయనమ్మ నేర్పిన వరసలూ ఇవే కదా, పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. అందుకని నాకు ఆ లెక్క మొదటి రోజే అర్థమయింది. ఇది నాకు అర్థం కాలేదని ఎవరితోనూ చెప్పుకునే వీలు లేదు.

మా ఆయన అక్క ఉనైసి నెలకోసారి మా ఇంటికి వచ్చేది. ముప్పై మూడేళ్లలో అక్కాతమ్ముళ్లు ముఖాముఖి మాట్లాడుకోగా నేను చూడలేదు. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని నా వైపు తిరిగి, “మీ ఆయన్ని అడుగు మరదలా, కర్రపెండలం అందిందా?” అనేది. మా ఆయన రెండు గజాల దూరంలో గోడకు ముఖం పెట్టి, “అందిందని చెప్పు నరసా” అనేవాడు. “చిన్నగా ఉన్నాయని అనుకున్నాడేమో అడుగు.” “బాగున్నాయని చెప్పు.” చెవులు నాలుగూ వింటూనే ఉన్నా, నేను మాట మొయ్యాల్సిందే. నేను పొయ్యి దగ్గర ఉంటే ఐదేళ్ల వాసిటి ఇద్దరి మధ్యా నిలబడి, “నాన్నా, అత్త అడుగుతోంది. అత్తా, నాన్న చెబుతున్నాడు” అని అటూ ఇటూ తిరిగేది. ఉనైసి, “దీనికి మాటలు మొయ్యడం బాగా వచ్చింది, పెద్దయ్యాక పోస్టాఫీసులో వేయించు” అనేది.

పెద్దయ్యాక అదే పని చేసింది. ఆసుపత్రిలో నర్సు చెప్పేది నాకూ, నేను చెప్పేది నర్సుకూ చెప్పేది. బళ్లో రెండు వైపుల పిల్లలూ తన్నుకుంటే ఇదే మధ్యలో నిలబడేది. రెండు వైపులా దెబ్బలు తినేది.

ఏడేళ్లప్పుడు ఒక చావుకి దాన్ని నాన్న ఊరికి తీసుకెళ్లాం. నది దాటి వెళ్లాలి. అక్కడి పిల్లలు దాని జుట్టు లాగి కై ఇండియా అని ఏడిపించారు. తిరిగొచ్చేటప్పుడు పడవ ఊగి చెప్పు నీళ్లలో పడింది. చెప్పే పడింది. కాని ఆ రాత్రంతా నాకు పిల్లే పడినట్టు కనిపించింది. ఇక పంపలేదు. “తనవాళ్లెవరో తెలియని పిల్ల కళ్లు మూసుకుని నడిచినట్టే నరసా” అనేవాడు ఇలైతియా. వర్షాలన్నాను, జ్వరమన్నాను, బడి అన్నాను. దానికి పదహారేళ్లు వచ్చినప్పుడు ఉనైసి పనిగట్టుకుని వచ్చింది, పిల్లను పది రోజులు ఊళ్లో ఉంచి వరసలు నేర్పిస్తానని. ఎవరు అన్న, ఎవరు బావ, ఎవరి ముందు నోరెత్తకూడదు, ఎవరి ముందు నవ్వొచ్చు. “పరీక్షలున్నాయి వదినా” అన్నాను. ఉనైసి కొబ్బరికాయలు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

అట్లా పెరిగింది నా కూతురు. నాన్న భాష వచ్చు, నాన్న మనుషులు తెలియదు.

మాట్లాడని మనిషి సంగతి దాని నోటి నుంచి విన్నది ఒక్క ముక్కే. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. వాళ్ల చదువులో అది మొదటి నియమమట, గదిలోకి వచ్చినవాళ్ల పేరు గది దాటకూడదట. “సైన్యంలో పనిచేసి వచ్చాడు, పాస్టరుగారు పంపాడు. వస్తాడు, తల దించుకుని కూర్చుంటాడు, గంట అయ్యాక లేచి వెళ్లిపోతాడు. తలుపు బయట చేమాకు కట్ట ఉంటుంది.”

“ఆ కట్ట ఎందుకు తీసుకుంటున్నావు?”

“బ్రిస్బేన్‌లో అయితే తీసుకోకూడదు. ఇక్కడ వద్దంటే మనిషినే వద్దన్నట్టు.”

“మాట్లాడకపోతే ఏం లాభం?”

“మాట్లాడకపోవడం కూడా మాటేనమ్మా. అక్కడివాళ్లయితే మొండితనమంటారు. మనవాళ్లలో మౌనమంటే గౌరవం. నేను తొందరపెట్టను. తనే మాట్లాడతాడు.” ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖం వెలిగింది. రెండు వైపులా పుట్టడం వల్ల ఇన్నాళ్లూ దెబ్బలే తిన్న పిల్ల, ఇన్నాళ్లకి ఆ పుట్టుక ఒకందుకు పనికొచ్చిందని మురిసింది. నేను ఏమనగలను?

అతను వచ్చేది మంగళవారాలు; నాలుగో మంగళవారం చపాతీలూ పప్పూ డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. బేకరీ పక్క మెట్లు ఇరుకు, ఒక మనిషి ఎక్కితే ఇంకో మనిషి దిగడం కష్టం. మెట్లు మలుపు తిరిగేచోట చిన్న జాగా ఉంది. నేను కింద నిలబడి పిలిచాను. అప్పటికే నా ముందు ఒక మనిషి ఎక్కుతున్నాడు. భుజాలు వెడల్పు. చేతిలో చేమాకు కట్ట, అరటినారతో కట్టింది. ఎడమ చెవి కింద పాత గాయం మచ్చ.

పైన వాసిటి చెప్పుల చప్పుడు వినబడింది. వినబడగానే అతను ఆగిపోయాడు. మలుపు మూలకు జరిగి, కాలి చెప్పులు విప్పి పక్కన పెట్టి, నడుము వంచి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. వాసిటి “బులా” అని పలకరించి నవ్వుతూ దిగింది. అతను కదల్లేదు. అది దాటి, మెట్ల కింద నా దగ్గరికి వచ్చేదాకా గోడలో ఏదో రాసి ఉన్నట్టు గోడనే చూస్తున్నాడు. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని పైకెక్కాడు.

“ఎంత మర్యాదస్తుడో చూశావా?” అంది వాసిటి, డబ్బా అందుకుంటూ.

 ఆ వంగడం నాకు తెలుసు. ఆ గోడవైపు తిరగడం నాకు తెలుసు. ముప్పై మూడేళ్లుగా నా వంటింట్లో చూస్తున్నాను. డాక్టరమ్మ ఎదురొస్తే మగవాడు పక్కకు జరుగుతాడు, తల వంచుతాడు, అంతవరకే. ముఖం తిప్పుకునేది ఒక్కరికే.

“ఏ ఊరతను?” అన్నాను.

“అమ్మా! పేరూ ఊరూ అడగొద్దని వందసార్లు చెప్పాను.”

“అడగలేదులే. ఎండగా ఉంది, నీళ్లు తాగు. ఆ వైరు చూడు, బల్బు దగ్గర వేలాడుతోంది, ఎవరికైనా షాకు కొడుతుంది.”

ఇంటికి వచ్చే బస్సులో కూర్చుని అనుకున్నాను, సాయంత్రం చెబుతాను. తర్వాత ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. చెబితే అది, “నాకెందుకు తెలియలేదు?” అని అడుగుతుంది. పదహారేళ్లప్పటి పరీక్షల దగ్గరికి వస్తుంది మాట. వాళ్ల నాన్నకి తెలిస్తే ఆ రోజే ఊరికి తీసుకెళతాడు. నది. ఊళ్లోవాళ్లు అందరూ గదికి వచ్చి కూర్చుంటారు. సంస్థవాళ్లకి తెలిస్తే సొంత మనిషినే రోగిగా కూర్చోబెట్టుకుందంటారు, ఆ నాలుగు నెలలూ కాస్తా పోతాయి. అయినా నేను తప్పుగా చూశానేమో. నేనెన్నిసార్లు తప్పు కాలేదు? బస్సు వంతెన మీంచి పడిందా? గడ్డ లేచిందా?

ఆ సాయంత్రం దానితో, “కిటికీ తలుపు గడియ వదులైంది” అన్నాను. మర్నాడు, “పక్కింటి కుక్కకి పిచ్చి పట్టినట్టుంది” అన్నాను. ఆ పైవారం తుపాను వస్తుందని రెండు డబ్బాల నీళ్లు పట్టి పెట్టాను. చెప్పాల్సింది ఒక్కటి. దాని బదులు నూరు చెప్పాను. నోరు మూసుకున్నానని కాదు, ఆ ఒక్కటీ నోటి దాకా రాగానే దాని ముందుకు ఇంకోటి వచ్చి నిలబడేది.

ఐదో మంగళవారం చేమాకు వచ్చింది. ఆరో మంగళవారం వచ్చింది. నేను కాడలు తీసి, కొబ్బరి పిండి, వండాను. ఏడో మంగళవారం కట్ట పెద్దదిగా ఉంది. “ఇవాళ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడమ్మా,” అంది వాసిటి. “ఏదో చెప్పబోయాడు. తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. వచ్చే వారం మాట్లాడతాడు, చూడు.”

వచ్చే వారం లేదు.

శనివారం పొద్దున రేడియోలో చావు కబుర్లు చదువుతున్నారు. మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. వాసిటి ఉల్లిపాయలు కోస్తోంది. మొసెసె కుమారుడు కితియోనే, ఇరవై తొమ్మిదేళ్లు, తల్లి మకెలెసి అని చదివి, మా ఆయన ఊరి పేరు చదివారు. ఆయన చేతిలో బ్లేడు ఆగింది.

“మా చిన్నాన్న కొడుకు మొసెసె లేడూ, పోయాడు, వాడి కొడుకు. ఎడారి దేశంలో శాంతిసేనకి వెళ్లొచ్చినవాడు,” అన్నాడు. నురగ చెంప మీదే ఉంది. “నీకు అన్న అవుతాడు తల్లీ.”

వాసిటి కత్తి కింద పెట్టింది. “నాన్నా, ఎడమ చెవి కింద మచ్చ ఉంటుందా?”

“చిన్నప్పుడు కట్టెలు కొడుతుంటే గొడ్డలి తగిలింది. నువ్వెక్కడ చూశావు?”

 ఊరికి ఫోను చేశాడు మా ఆయన. విని, పెట్టేసి, “వాడే చేసుకున్నాడట” అన్నాడు.

అప్పుడు వాసిటి గది నియమం దాటింది. “ఏడు వారాలు నాన్నా. ఎదురుగా కుర్చీ వేసి, నీ మనసులో ఏముందో నాతో చెప్పు అని అడిగాను. మా అన్నని.”

“నీకు తెలియదమ్మా.”

“అతనికి తెలుసు. తలుపు మీద నీ పేరుంది. చెల్లెలు మళ్లీ రమ్మంది కాబట్టి రాకుండా ఉండలేడు. చెల్లెలు కాబట్టి చెప్పలేడు. ఏడు వారాలు అతన్ని అందులో పెట్టి తలుపు వేశాను. మౌనమంటే గౌరవం అనుకుంటూ పుస్తకంలో రాసుకున్నాను కూడా.”

మా ఆయన దాని పక్కన కూర్చుని ఏడ్చాడు. నేను ఉల్లిపాయలు కోశాను. అవి కోస్తే ఏడ్చినా ఎవరూ అడగరు.

ఆ తర్వాత అది గదికి వెళ్లలేదు. తాళంచెవి సంస్థవాళ్లకి పంపేసింది. నేను అన్ని నెలలు భయపడి కాపాడిన పని, రెండు వాక్యాల ఉత్తరంతో పోయింది. నాకు ఏమీ అనిపించలేదు. వాసిటి అన్నం పెడితే తినేది, పెట్టకపోతే లేదు. మాటలు మోసే పిల్ల మాట మానేసింది. ఒక మధ్యాహ్నం మాత్రం, నేను దుప్పట్లు మడత పెడుతుంటే, కిటికీలోకి చూస్తూ అంది: “బ్రిస్బేన్‌లో టీచరు అడిగింది, మీవాళ్లు మాట్లాడకపోతే ఏం చేస్తావని. ఆగుతాను, మాలో మౌనమంటే గౌరవం అన్నాను. క్లాసంతా మెచ్చుకున్నారు. రెండు లోకాలు తెలిసినదానివి అన్నారు. రెండూ సగం సగమేనమ్మా. అసలేమీ తెలియని తెల్లావిడ దగ్గరికి వెళ్లి ఉంటే అతను మాట్లాడేవాడు. బతికి ఉండేవాడు.”

అప్పుడు చెప్పాల్సింది. దుప్పటి అంచు అంచుకి కలిపి పట్టుకుని నిలబడ్డాను. “కాస్త మజ్జిగ తాగుతావా?” అన్నాను.

ఉనైసి వచ్చింది. అదే గుమ్మం దగ్గర కూర్చుంది. మా ఆయన అదే గోడవైపు తిరిగాడు.

“మీ ఆయనతో చెప్పు మరదలా, ఊరికి వెళ్లి క్షమాపణ అడగాలి. చేతులూపుకుంటూ వెళితే కాదు. నా పెళ్లినాటి తంబువా ఉంది.”

“తెచ్చిందా అని అడుగు నరసా.”

“తెచ్చాననే చెప్పు.” సంచిలోంచి తీసింది. తిమింగలం పన్ను, చేతుల్లో తిరిగి తిరిగి తేనె రంగుకు వచ్చింది, రెండు కొసలకీ నార తాడు. నా ఒళ్లో పెట్టింది. నేను మా ఆయనకి అందించాను. తర్వాత ఆవిడ నా కోసమే మాట్లాడింది. “పదహారేళ్ల పిల్లకి వరసలు నేర్పుతానని వస్తే పరీక్షలన్నావు. పాసయిందిగా? ఫస్టు క్లాసేగా?”

“వదినా…”

“నిన్ను ఏడిపించడానికి కాదులే. నాకూ వాడు కొడుకులాంటివాడే.” అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పదో రోజు గడిచాక వెళ్లాం. నది దాటాం. నేను ఇరవై ఏళ్లు భయపడిన నది ఆ రోజు ఆటుతో అడుగంటి ఉంది. పడవవాడి గడ నేలకు తగులుతూనే ఉంది. దిగి నడిచినా మోకాళ్లు తడిసేవి, అంతే.

పెద్ద హాలులో చాపలు పరిచి ఉన్నాయి. ఎగువన ఊరి పెద్దలు, దిగువన మేము. మా ముందు మా ఆయన పెదనాన్న వరస ముసలాయన, మా తరఫున మాట్లాడటానికి. వెనక మా ఆయన, ఆ వెనక ఉనైసి, నేను, వాసిటి. అందరం తలలు వంచి కూర్చున్నాం. ఎదుటి వైపు గోడ వారగా నల్లబట్టల్లో మకెలెసి, వేళ్లు ఒళ్లో ముడిచి. కొడుకు పోలికే. భుజాలు వెడల్పు.

ముసలాయన మోకాళ్ల మీద కొంచెం ముందుకు జరిగి, తంబువాని రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని చెప్పాడు: “ఈ బిడ్డ బయట పెరిగింది. రక్తం మనదే, వరసలు తెలియవు. అన్నని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడమంది. తెలియక చేసింది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ తలుపు తామే మూసేవాళ్లు. తెలియని తప్పును ఈ పంటి కింద పాతిపెట్టమని అడుగుతున్నాం. మమ్మల్ని వెళ్లగొట్టకండి.”

ఎవరికీ తెలియదు. ఆ మాట నా తల మీద నుంచి వెళ్లింది. పక్కన వాసిటి అరచెయ్యి చాప మీద ఆనించి ఉంది. వేళ్లు చాపలోకి దిగిపోతాయేమో అన్నట్టు నొక్కుతోంది.

ఊరి పెద్ద చెయ్యి చాపాడు. ఆయన ఆ పన్ను అందుకుంటే అయిపోతుంది. ఇక ఎవరూ ఆ సంగతి ఎత్తకూడదు. యంగోనా వేరు దంచి నీళ్లలో కలుపుతారు, తాగుతారు, అన్నం పెడతారు.

“ఆగండి,” అంది మకెలెసి.

ఇట్లాంటిచోట ఆడవాళ్లు నోరెత్తరు. పెద్దాయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఎవరో, “మకెలెసీ, అమ్మా, తర్వాత” అన్నారు మెల్లగా.

“తర్వాత లేదు నాకు. ఒక్క మాట అడిగి ఊరుకుంటాను.” ఆవిడ మా వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది. “మంగళవారం వచ్చిందంటే నా కొడుకు పొద్దున్నే లేచి చేమాకు కోసేవాడు. లేతవే ఏరేవాడు. మిగతా రోజులు మంచం దిగేవాడు కాదు. ఎవరికిరా అంటే, చెల్లికి అనేవాడు. ఏ చెల్లికో అడగలేదు నేను, ఊరినిండా చెల్లెళ్లే కదా. ఆకు కోయడానికి లేస్తున్నాడు, అదే చాలనుకున్నాను. ఏడు కట్టలు. మీరు వండుకుని తిన్నారు. మంచిదే, తినమనే తెచ్చాడు. ఆ ఆకు తెచ్చేది ఎవరో, మీ ఇంట్లో ఒక్కరికైనా తెలియలేదా?”



ముసలాయన పన్నును అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. దాని తాడు ఊగి ఆగింది. మా ఆయన మెడ నాకు కనిపిస్తోంది, చెమట కాలర్లోకి దిగుతోంది. ఆయన తెలియదని చెప్పొచ్చు, అది నిజమే. ఉనైసి చెప్పొచ్చు, అదీ నిజమే. ఎందుకో ఎవరూ చెప్పలేదు. బయట పిల్లలు కొబ్బరి మట్టతో ఏదో లాగుతున్న చప్పుడు వచ్చి, దూరమై పోయింది. వాసిటి ఇంకా తల వంచే ఉంది. దాని మెడ వెనక వెన్నుపూస పైకి కనబడుతోంది, ఈ పది రోజుల్లో అంత చిక్కింది. నేను ఇట్లాగే ఊరుకుంటే పెద్దాయన చెయ్యి ఇంకో జానెడు ముందుకు వస్తుంది. పన్ను అందుకుంటాడు. మేము పడవెక్కుతాం. నా కూతురు ఆ చావును ఒక్కతే మోసుకుంటూ, తెలియక చేశానని, సగం తెలిసినదాన్నని, బతికినన్నాళ్లూ కిటికీలోకి చూస్తూ కూర్చుంటుంది. నేను పక్కన మజ్జిగ కలుపుతూ ఉంటాను. నోరు తెరిస్తే పన్ను వెనక్కి వస్తుంది. మా ఆయన నాతో ఇంటికి వస్తాడో రాడో. ఇది నన్ను మళ్లీ అమ్మా అంటుందో అనదో.

జీవితంలో మొదటిసారి, తర్వాత ఏమవుతుందోనని ఊహించడానికి నాకు ఏమీ మిగల్లేదు. అవ్వాల్సింది అయిపోయింది.

మకెలెసి ఇంకా మా వైపే చూస్తోంది. ఎంతసేపైనా చూసేలా ఉంది.

“నాకు తెలుసు మకెలెసీ,” అన్నాను. “నాలుగో కట్ట నాటి నుంచి.”